కళ్ళ చుట్టూ నలుపు, ముడతలు: పలాస జీడిపప్పు కార్మికురాలి కేస్ స్టడీ

రోగి 39 ఏళ్ల మహిళ. పలాస దగ్గరి ఒక పల్లెలో ఉంటారు. పెళ్ళయిన కొత్తల్లో జీడిపప్పు పరిశ్రమలో పిక్కలు కొట్టే పనిలో చేరి, అప్పటి నుంచి అదే పని చేస్తున్నారు. రెండేళ్లుగా కళ్ళ చుట్టూ నలుపు పెరుగుతోందని, ఏడాదిగా కళ్ళ కింద చర్మం ముడతలు పడి వదులైపోతోందని, పొద్దున్న లేచేసరికి రెప్పలు కొద్దిగా ఉబ్బి ఉంటున్నాయని చెప్పారు. ఆమెను ఒక రోజు కూలి పోగొట్టుకుని శ్రీకాకుళంలోని నా చర్మవ్యాధుల క్లినిక్ దాకా రప్పించింది మాత్రం ఆ మూడో లక్షణమే. "కళ్ళ కింద ఇలగ ఉబ్బిపోతంది, కిడ్నీ ఏటైనా పాడైపోనాదేటి బాబూ?" అన్నది ఆమె అడిగిన మొదటి ప్రశ్న. ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని అంశాలను మార్చాను.

ఉద్దానం నుంచి వచ్చే మనిషి ఈ ప్రశ్న అడిగితే తేలిగ్గా తీసుకోకూడదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన ఈ ప్రాంతంలో కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఉంది. మధుమేహం, రక్తపోటు లేని రైతులు, కూలీలు కూడా దాని బారిన పడుతున్నారు. అయితే ఈ వ్యాధి ఎక్కువగా మూత్రపిండంలోని సూక్ష్మనాళికలను, వాటి మధ్య ఉండే కణజాలాన్ని దెబ్బతీస్తుంది కనుక, మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు, తొలి దశలో ముఖం ఉబ్బడం కూడా అరుదు. అంటే కళ్ళ కింద ఉబ్బు ఉన్నంత మాత్రాన కిడ్నీ చెడిందని అర్థం కాదు, ఉబ్బు లేనంత మాత్రాన కిడ్నీ బాగుందన్న హామీ కూడా లేదు. చూసి చెప్పగలిగిన విషయం కాదు కాబట్టి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షించాను. క్రియాటినిన్ 0.8 మిల్లీగ్రాములు, నిష్పత్తి 30 కంటే తక్కువ, రక్తపోటు 118/76. థైరాయిడ్ కూడా సాధారణంగానే ఉంది. ఆ కాగితం చేతికిచ్చి వివరించిన తర్వాతే ఆమె మిగతా విషయాలు స్థిమితంగా చెప్పగలిగారు. నడుం నొప్పికి తరచూ కొనుక్కుని మింగుతున్న నొప్పి మాత్రల సంగతి కూడా అప్పుడే బయటపడింది. కిడ్నీ బాగున్నా సరే, ఆ ప్రాంతపు మనిషి ఆ మాత్రలను అలవాటుగా వాడకూడదని చెప్పి ఆపించాను.

కంటి చుట్టూ ఉండే చర్మం గురించి ముందుగా కొంత చెప్పుకోవాలి. శరీరంలో అన్నిటికంటే పలుచని చర్మం రెప్పలదే. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కింద కొవ్వు పొర దాదాపు ఉండదు. చర్మాన్ని ఆనుకునే కంటిని చుట్టి ఉండే కండరం, దానిలో సన్నని రక్తనాళాల అల్లిక ఉంటాయి. అందువల్ల ఒంట్లో మరెక్కడా పైకి తేలని రంగు ఇక్కడ తేలుతుంది, మరెక్కడా పడని నీడ ఇక్కడ పడుతుంది, రోజంతా కళ్ళార్పే కండరం లాగుడుకు గీతలు కూడా ఇక్కడే ముందుగా పడతాయి. రోగులు నలుపు అని ఒక్క మాటలో చెప్పే దాని వెనుక సాధారణంగా మూడు విషయాలు కలిసి ఉంటాయి: చర్మంలో చేరిన మెలనిన్ అనే రంగు పదార్థం, చర్మం గుండా కనిపించే రక్తం, ఎముక అంచుకు కొవ్వు తిత్తులకు మధ్య పల్లంలో పడే నీడ. ఈ మూడింటికీ చికిత్సలు వేరు. మెలనిన్‌కు వాడే క్రీము నీడను తొలగించలేదు. పల్లం నింపే ఇంజెక్షను మెలనిన్‌ను కదపలేదు. ఈమె ముఖంలో ఏది ఎంత ఉందో విడదీసి చూడడమే ఈ కేసులో అసలు పని.

కిటికీ పక్కన పగటి వెలుతురులో కూర్చోబెట్టి చూసినప్పుడు, పై రెప్పలు, కింది రెప్పలు నాలుగూ ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. కింది రెప్పల లోపలి మూలల్లో మాత్రం కొంత ఊదా ఛాయ కలిసింది. తీవ్రతను 0 నుంచి 4 వరకు లెక్కించే పద్ధతిలో నాలుగు రెప్పలూ ముదురుగా మారితే 3గా, నలుపు రెప్పల హద్దు దాటి పాకితే 4గా తీసుకుంటాం, ఈమెది 3. కింది రెప్పను వేలితో మెల్లగా సాగదీసినప్పుడు గోధుమ రంగు అలాగే నిలిచింది, అంటే అది మెలనిన్. ఊదా ఛాయ సాగదీస్తే మరికాస్త స్పష్టమైంది, గాజు పలకతో నొక్కితే తగ్గింది, అంటే అది రక్తం. తల వెనక్కి వాల్చి ముఖానికి ఎదురుగా టార్చి వేసినప్పుడు ముక్కు వైపు మూలలో ఉన్న గాఢత కొంత మాయమైంది, అంటే అది పల్లంలో పడిన నీడ. వుడ్స్ లాంపు అనే అతినీలలోహిత దీపం కింద కొన్ని చోట్ల రంగు హద్దు తేరుకుని కనిపించింది, కొన్ని చోట్ల కనిపించలేదు. కొంత మెలనిన్ పై పొరలోనూ కొంత లోతునా ఉందని దాన్నిబట్టి గ్రహించాలి. ఈ పరీక్షల్లో వేలికి, టార్చికి ఖర్చేమీ లేదు. అయినా చాలామంది రోగులు వీటిలో ఒక్కటీ చేయించుకోకుండానే నాలుగైదు రకాల క్రీములు వాడేసి వస్తుంటారు.

రంగుతో పాటు మరో రెండు విషయాలు గమనించాను. పై రెప్పల మీద చర్మం దళసరిగా మారి, గీతలు తేలి ఉంది. కింది రెప్ప అంచు కింద రెండు మడతలు పడి ఉన్నాయి. దీర్ఘకాలం దురదతో నలిపిన రెప్పలు ఇలా మారతాయి. అదే సమయంలో కింది రెప్పల చర్మం మాత్రం పలచబడి, మెరుస్తూ, ఎర్రని సన్నని నాళాలు తేలి ఉంది. ఒకే కంటికి పైన దళసరి, కింద పలచన. ఈ రెండూ ఒకే కారణం వల్ల రావు. దళసరికి కారణం పని దగ్గర, పలచనకు కారణం ఇంట్లో ఉన్న ఒక ట్యూబులో దొరికాయి.

పని సంగతి ముందు. జీడి పిక్కకు ఉండే రెండు పెంకుల మధ్య తేనెపట్టు గదుల్లాంటి పొరలో ముదురు రంగు నూనె ఉంటుంది. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, కార్డనాల్ అనే రసాయనాలు ఉంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలెక్కిస్తాయి. కొందరిలో ఎలర్జీని కూడా పుట్టిస్తాయి. పిక్కలను కాల్చినా, ఆవిరికి ఉడికించినా ఈ నూనె పూర్తిగా పోదు. పెంకు చిట్లినప్పుడల్లా వేళ్ళకు అంటుతుంది. కాల్చే బట్టీ దగ్గరైతే పొగలో కూడా ఉంటుంది. చేతులకు బూడిదో, నూనో పట్టించుకుని కూర్చోవడం కార్మికులు పాటించే పాత జాగ్రత్త. ఈమె వేళ్ళ కొనలు నల్లబడి, అరచేతులు గట్టిపడి ఉన్నాయే తప్ప పెద్ద పుండ్లు లేవు. అరచేతి చర్మం మందంగా ఉండి తట్టుకుంటుంది. అదే వేలు చెమట తుడుచుకోవడానికి రెప్ప మీదకు వెళితే, అర మిల్లీమీటరు చర్మం తట్టుకోలేదు. చేతుల ద్వారా వచ్చిన ఎలర్జీ చేతుల మీద కంటే రెప్పల మీద ఎక్కువగా కనిపించడం చర్మవైద్యంలో తరచూ చూసేదే. గోళ్ళ రంగు పడనివారికి కూడా మొదట దద్దురు వచ్చేది రెప్పల మీదే.

ఇది ఎలర్జీయే అనడానికి ఆమె మాటల్లోనే రెండు ఆధారాలు దొరికాయి. సంక్రాంతికి పని ఆగిన రోజుల్లో దురద బాగా తగ్గిందని, తిరిగి పనిలో చేరిన వారంలోపే మొదలైందని చెప్పారు. ఇక ఎండాకాలంలో మామిడికాయలు తరిగితే సొన తగిలిన చోటల్లా పొక్కుతుందని, చిన్నప్పుడు అలా ఉండేది కాదని చెప్పారు. మామిడి, జీడిమామిడి, చాకళ్ళు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. వాటి సొనల్లోని రసాయనాలు దగ్గరి పోలిక ఉన్నవి కావడంతో ఒకదానికి ఎలర్జీ ఏర్పడిన శరీరం రెండోదాన్ని కూడా శత్రువుగానే చూస్తుంది. పెంకు నూనెను నేరుగా చర్మం మీద పెట్టి పరీక్షించడం ప్రమాదం, ఎలర్జీ లేనివారికి కూడా అది పొక్కుతుంది. కాబట్టి ఆ ప్రయత్నం చేయలేదు. అయితే ఆమె ఏడాదికి పైగా జుట్టుకు రంగు వేస్తున్నందున, ఆ రంగులోని పారాఫినిలిన్‌డయమైన్‌ను, సుగంధ ద్రవ్యాలను, నికెల్‌ను పక్కన పెట్టకుండా వీపు మీద ప్యాచ్ పరీక్ష చేశాను. ఈ పరీక్షను అతికించిన రెండు రోజులకు ఒకసారి, నాలుగో రోజున మరోసారి చూడాలి. పలాస నుంచి అన్నిసార్లు తిరగడం ఆమె వల్ల కాదు. శ్రీకాకుళంలో చెల్లెలి ఇంట్లో ఆ నాలుగు రోజులూ ఉండి చేయించుకున్నారు. దేనికీ ప్రతిస్పందన రాలేదు. జుట్టు రంగు నిర్దోషి అని తేలింది.

ఇక ట్యూబు. కళ్ళ చుట్టూ నలుపు పోవడానికంటూ ఒక మందుల దుకాణంలో ఇచ్చిన క్రీమును ఆమె ఎనిమిది నెలలుగా రాత్రిపూట రెప్పల దాకా రాసుకుంటున్నారు. సంచీలోంచి తీసి చూపించారు. మొమెటాసోన్ అనే స్టిరాయిడు, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిసిన క్రీము అది. మంగు మచ్చలకు, అదీ కొద్ది వారాలకు మాత్రమే, వైద్యుడి పర్యవేక్షణలో వాడాల్సిన మందు. మొదటి నెలలో ఇది అద్భుతంగా పనిచేసినట్లు కనిపిస్తుంది. స్టిరాయిడు దురదను అణచి, నాళాలను ముడిచి, మెలనిన్ తయారీని తగ్గిస్తుంది కనుక ముఖం తేటపడుతుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, కింది రక్తనాళాలు మరింత తేలి, క్రీము ఒక రోజు మానినా మంట, ఎరుపు, దురద రెట్టింపై తిరిగొస్తాయి. ఆ మంటకు భయపడి మళ్ళీ అదే రాస్తారు. ఆమె కింది రెప్పల పలచనకు, మెరుపుకు, కొత్తగా పడిన సన్నని ముడతల్లో కొన్నిటికి కారణం ఇదే. స్టిరాయిడు క్రీములు చాలావాటిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. ఆ నిబంధన దుకాణపు గడప దాకా వచ్చి ఆగిపోయినట్లుంది.

రెప్పల మీద రాసిన స్టిరాయిడు చర్మంతో ఆగదు. కంట్లోకి చేరి కంటి ఒత్తిడిని పెంచగలదు. నెలల తరబడి సాగితే నీటికాసులకు, శుక్లానికి దారి తీయగలదు. ఇటువంటి ప్రతి రోగిని నేను కంటి వైద్యుని వద్దకు పంపుతాను. ఈమె కంటి ఒత్తిడి కుడివైపు 25, ఎడమవైపు 24 వచ్చింది. సాధారణంగా అది 10 నుంచి 21 మధ్య ఉండాలి. దృష్టి నాడికి నష్టమేమీ జరగలేదు. అక్కడే మరో సంగతి తేలింది: దగ్గరి చూపు మందగించి, ఆమెకు +1.25 అద్దాలు కావాల్సి ఉంది. నలభైకి చేరువైన మనిషి, వెలుతురు చాలని షెడ్డులో, పిక్క ఏ పక్కన చీలుతుందో కళ్ళు చికిలించి చూస్తూ రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తున్నారు. కంటి పక్కన కాకి పాదంలా విచ్చుకున్న గీతలకు ఇంతకంటే సూటి కారణం వెతకనక్కర్లేదు.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 గ్రాములు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 7 మాత్రమే. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతగా లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉంది. రక్తహీనత మెలనిన్‌ను పెంచదు. ముఖం పాలిపోయినప్పుడు చుట్టుపక్కల చర్మానికి, కళ్ళ కింది నాళాల నీలి ఛాయకు తేడా పెరిగి గుంటలు మరింత నల్లగా కనిపిస్తాయి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నట్లు ఆమె చెప్పడంతో స్త్రీల వైద్యురాలికి చూపించమన్నాను.

చికిత్సను ఏ వరుసలో చేయాలన్నది మందుల ఎంపిక కంటే ముఖ్యం. దద్దురు రగులుతున్న రెప్ప మీద రంగు తగ్గించే ఏ మందు రాసినా అది మంట పెంచుతుంది. మంట తగ్గిన చోట మళ్ళీ మెలనిన్ పేరుకుంటుంది. మన చర్మపు రంగుల్లో ఈ నియమం మరీ కచ్చితంగా వర్తిస్తుంది. అందుకని మొదటి రెండు నెలలు నలుపు జోలికి పోనని ఆమెకు స్పష్టంగా చెప్పాను. పాత ట్యూబు ఆపించాను. ఆపిన తర్వాత పది పదిహేను రోజులు ముఖం ఎర్రబడి మండుతుందని, అది కొత్త జబ్బు కాదని, ఆ రోజుల్లో మళ్ళీ ఆ క్రీము ముట్టుకుంటే మొదటికొస్తుందని ముందే చెప్పి, ఇంట్లో ఆమె భర్తకు కూడా వివరించాను. స్టిరాయిడు కాని టాక్రోలిమస్ 0.03 శాతం లేపనం రోజుకు రెండుసార్లు పలచగా రాయమన్నాను; మొదటి వారంలో అది కూడా కొంత మండుతుంది. దాని మీద తెల్లని పెట్రోలియం జెల్లీ, చల్లని నీటిలో తడిపిన నూలు గుడ్డ, రాత్రికి దురద తగ్గించే మాత్ర ఇచ్చాను. కాటుక, పసుపు, నిమ్మరసం, పౌడరు అన్నీ ఆపించాను. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే అక్కడ చర్మం కాలి నల్లబడుతుంది. ఈ నలుపుతో వచ్చేవారిలో సగటున నెలకొకరైనా ఆ చిట్కా పాటించినవారు ఉంటున్నారు.

పని మానమని చెప్పలేదు. చెప్పినా ప్రయోజనం లేదు; "పని మానీమంటే మానీలేను బాబూ, ఇంకేటైనా సెప్పండి" అని ఆమె ముందే అనేశారు. రబ్బరు తొడుగులు వేసుకుంటే వేళ్ళకు పట్టు దొరక్క పని నెమ్మదిస్తుంది, కిలోల లెక్కన కూలి కనుక రోజుకు వచ్చేది తగ్గుతుంది. చివరికి పిక్క పట్టుకునే ఎడమ చేతికి మాత్రం లోపల నూలు తొడుగు, పైన పలుచని నైట్రైల్ తొడుగు వేసుకోవడానికి ఒప్పుకున్నారు. చెమట తుడుచుకోవడానికి మెడలో విడిగా ఒక తువ్వాలు, దాన్ని రోజూ ఉతకడం. పెంకు నూనె నీటికి పోదు కాబట్టి పని ముగిశాక ముందు కొబ్బరినూనెతో చేతులు బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడుక్కోవాలని, అప్పటిదాకా ముఖం మీద చెయ్యి వేయకూడదని చెప్పాను. మూడో నెలలో ఆమే యజమానితో మాట్లాడి పిక్కలు కొట్టే చోటు నుంచి గుండు, బద్ద, ముక్క వేరుచేసే గ్రేడింగు బల్ల దగ్గరికి మారారు. ఈ కేసులో నా మందులన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఆ మార్పే అని నా అంచనా.

రక్తహీనతకు రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న మాత్ర, నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చాను. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి, దాని వెంటే మాత్ర వేసుకుని, ఆ పైన టీ తాగడం ఆమె ఉద్దేశం. చోడిలోని కాల్షియం, టీలోని టానిన్లు ఇనుమును ఒంటబట్టనివ్వవు. అంబలి మంచిదే, మానక్కర్లేదు. మాత్రను మధ్యాహ్న భోజనానికి గంట ముందు నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమన్నాను. హిమోగ్లోబిన్ సరైన అంకెకు చేరాక కూడా మరో మూడు నెలలు వాడితేనే నిల్వలు నిండుతాయి. చాలామంది అక్కడే ఆపేస్తారు.

రెండు నెలలకు దురద పోయింది, పై రెప్పల దళసరి చాలావరకు మెత్తబడింది, కంటి ఒత్తిడి రెండు వైపులా 16కు దిగింది. అప్పుడు రంగు మీదకు వచ్చాను. ఉదయం జింక్ ఆక్సైడు, ఐరన్ ఆక్సైడు ఉన్న లేత గోధుమ రంగు సన్‌స్క్రీను. మన చర్మంలో అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుతురు కూడా మెలనిన్‌ను రేపుతుంది, దాన్ని ఆపగలిగేది ఈ ఐరన్ ఆక్సైడు రంగే. రాత్రి అజెలాయిక్ ఆమ్లం 10 శాతం, మొదట వారానికి మూడు రాత్రులు, కింది ఎముక అంచు వరకు. అది పడిన తర్వాత నాలుగో నెలలో ట్రెటినోయిన్ 0.025 శాతం చేర్చాను: రెండు కళ్ళకూ కలిపి బియ్యపు గింజంత, వారానికి రెండు రాత్రులు, రెప్ప మీద కాక కణత వైపు, ఎముక మీద మాత్రమే. పాత ట్యూబులోనూ ఇదే మందు ఉంది కదా అని ఆమె అనుమానించారు. అప్పుడు చెడుపు చేసింది ప్రధానంగా దానితో కలిసిన స్టిరాయిడు; విడిగా, తగిన మోతాదులో, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్‌ను కొత్తగా పుట్టించి సన్నని ముడతలను తగ్గించగలదని బలమైన ఆధారాలున్న పైపూత మందు ఇదే. గర్భవతులకు ఇవ్వకూడదు; ఈమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఎప్పుడో అయింది కనుక ఆ చింత లేదు.

ముడతల విషయంలో రోగికి రెండు రకాలు వేరుచేసి చూపించాలి. నవ్వినప్పుడో, కళ్ళు చికిలించినప్పుడో మాత్రమే పడేవి కండరం గీతలు. ముఖం నిశ్చలంగా ఉన్నప్పుడూ నిలిచి ఉండేవి చర్మంలో కొలాజెన్, ఎలాస్టిన్ దెబ్బతిని పడినవి. ఈమెకు ఎక్కువ భాగం మొదటి రకం. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకున్నాక పనిలో చికిలించడం తగ్గింది. కల్లంలో పిక్కలు ఎండబెట్టే రోజుల్లో వెడల్పు అంచు టోపీ పెట్టుకోవడానికి మొదట సిగ్గుపడ్డారు. తర్వాత తాటాకు గొడుగుతో రాజీ కుదిరింది. బొట్యులినం టాక్సిన్ ఇంజెక్షను కాకి పాదాల గీతలకు బాగా పనిచేస్తుంది, కానీ దాని ప్రభావం మూడు నాలుగు నెలలే. కూలి డబ్బుతో బతికే ఇంటికి ఏటా మూడుసార్లు ఆ ఖర్చును నేను సూచించలేను. అడిగితే వివరంగా చెప్పాను, అంతే.

ముడతల ప్రస్తావనలో ఉత్తరాంధ్రలో తప్పక అడగాల్సిన ప్రశ్న పొగ. పొగాకు పొగ చర్మంలో కొలాజెన్‌ను కరిగించే ఎంజైములను పెంచుతుంది. ఇక్కడి తీరప్రాంతపు పెద్ద వయసు స్త్రీలలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టి తాగే అలవాటు, ఇప్పటికీ ఉంది. రోగికి ఆ అలవాటు లేదు. తోడు వచ్చిన ఆమె అత్తగారికి ఉంది. టార్చి చేతిలోనే ఉంది కనుక ఆవిడ నోరు కూడా తెరిపించి చూశాను; అంగిలి మీద తెల్లని దళసరి మచ్చ, మధ్యలో ఎర్రని చుక్కలు కనిపించాయి. అడ్డపొగ తాగేవారికి అంగిలి క్యాన్సరు ముప్పు ఉంది కాబట్టి దంతవైద్యుని వద్దకు ముక్క పరీక్షకు పంపాను. ఆవిడ నా రోగి కాకపోయినా ఆ రోజు క్లినిక్‌లో అత్యవసరంగా చూడాల్సిన మనిషి ఆవిడే.

విశాఖపట్నంలో లేజరు చేయించుకుంటే ఒక్క పూటలో నలుపు పోతుందని విన్నానని మూడో నెలలో ఆమె అడిగారు. 1064 నానోమీటర్ల క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్ లేజరు లోతుగా ఉన్న మెలనిన్‌ను విడగొట్టగలదు. సరైన రోగికి, కనుగుడ్డు మీద లోహపు కవచం పెట్టి, తక్కువ శక్తితో, విడతలుగా చేస్తే మేలు చేస్తుంది. కానీ ఈమెది ఇప్పుడిప్పుడే చల్లారిన దద్దురు, స్టిరాయిడుతో పలచబడిన చర్మం, చామనఛాయ కంటే ముదురు రంగు. ఇటువంటి చర్మంపై లేజరు వేడి ఉన్న నలుపుకు కొత్త నలుపును చేర్చే అవకాశం, లేదా తెల్ల మచ్చలు మిగిల్చే అవకాశం ఎక్కువ. వద్దన్నాను. పల్లంలో హైలురోనిక్ ఆమ్లం నింపడం గురించి కూడా అదే జాగ్రత్త: నీడ తగ్గించడానికి అది సరైన మార్గమే అయినా, పలుచని చర్మం కింద పైపైన పడితే నీలంగా కనిపిస్తుంది, పొరపాటున ధమనిలోకి పోతే చూపు పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. అనుభవజ్ఞుల చేతిలో తప్ప ఊరూరా తెరుచుకుంటున్న బ్యూటీ సెంటర్లలో చేయించుకోదగిన పని కాదు.

ఫలితాన్ని కొలవడానికి ప్రతిసారీ అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి, ఫోటో తీశాను. ఫోను కెమెరాలు ముఖాన్ని తమంతట తామే నునుపు చేసి తేటపరుస్తాయి. ఆ సదుపాయం ఆపకుండా తీసిన ముందు, తరువాత ఫోటోలను ఏ ప్రకటనలో చూసినా నమ్మవలసిన పని లేదు. ఆరో నెల చివర తీవ్రత 3 నుంచి 1కి, 2కి మధ్య వచ్చింది. పై రెప్పలు దాదాపు మిగతా ముఖపు రంగులో కలిశాయి. కింది రెప్పల ఊదా ఛాయ, హిమోగ్లోబిన్ 12.1కి చేరేసరికి, దగ్గరగా చూస్తే తప్ప తెలియనంతగా తగ్గింది. లోతున ఉన్న మెలనిన్ కొంత మిగిలింది. అది పోవడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు పడుతుంది. స్టిరాయిడు వల్ల తేలిన ఎర్రని నాళాలు సగానికి సగం అణిగాయి. కాకి పాదాల గీతలు ముఖం కదలనప్పుడు కనిపించడం తగ్గింది, నవ్వినప్పుడు అలాగే ఉన్నాయి. ముక్కు వైపు పల్లం, దానిలో పడే నీడ ఏమీ మారలేదు. ఆ రెండూ ఎముక, కొవ్వు అమరిక వల్ల ఏర్పడినవని, ఏ క్రీముకూ పోవని ఆమెకు మొదటి రోజునే చెప్పి ఉంచాను. ఉదయపు ఉబ్బు దద్దురు తగ్గిన మొదటి నెలలోనే పోయింది. రాత్రి భోజనంలో ఎండుచేప, ఊరగాయ తగ్గించడం, తలకింద దిండు కాస్త ఎత్తుగా పెట్టుకోవడం కూడా దానికి తోడ్పడి ఉండవచ్చు.

ప్రస్తుతం ఆమె సన్‌స్క్రీను రోజూ, ట్రెటినోయిన్ వారానికి మూడు రాత్రులు, టాక్రోలిమస్ దురద తోచినప్పుడు మాత్రమే వాడుతున్నారు. గర్భాశయంలో చిన్న గడ్డ ఉందని స్కానింగులో తేలడంతో రక్తస్రావానికి విడిగా మందులు సాగుతున్నాయి. అది అదుపులోకి రాకపోతే ఇనుము మాత్రలు ఎన్ని వేసినా రక్తం మళ్ళీ తగ్గుతుంది. కంటి ఒత్తిడిని ఆరు నెలలకోసారి, ఉద్దానంలో నివాసం కనుక క్రియాటినిన్‌ను ఏడాదికోసారి చూడాలని చీటీలో రాసిచ్చాను. గ్రేడింగు బల్ల దగ్గర పప్పు పొట్టు దుమ్ముకు తుమ్ములు వస్తున్నాయని పోయినసారి చెప్పారు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను, రెప్పల మీద మాత్రం కొత్త దద్దురు ఏదీ లేదు.